మన దస్తర్‌ఖాన్ మీద కార్ఖానా కూర్పులు

ఇంగ్లీషులో ‘అల్ట్రా ప్రాసెస్డ్’ అని వ్యవహరిస్తున్న తిండి పదార్థాలను గూర్చి తెలుగులో రాయబూనితే మొదటి చిక్కు పేరు దగ్గరే ఎదురవుతుంది. కొన్ని పత్రికలు వీటిని ‘అతిగా శుద్ధి చేసిన ఆహారం’ అంటున్నాయి. అనువాదకునిగా నాకు ఈ మాటతో పేచీ ఉంది. ‘శుద్ధి’ అనగానే తెలుగు పాఠకుని మనసులో మలినం తొలగిపోయిందన్న భావమే మెదులుతుంది. అందునా వుజూ, తహారత్ నిత్యం పాటించే ఇళ్ళలో అది మెచ్చుకోలు మాట. బియ్యంలో రాళ్ళు ఏరడం శుద్ధి, గానుగ నూనెను వడగట్టడం శుద్ధి. మనం చెప్పుకోబోయే వస్తువుల్లో జరిగేది అది కాదు. గోధుమను, మొక్కజొన్నను, సోయాను, చెరకును ముందు విడివిడి పదార్థాలుగా విడగొడతారు. వాటిలో కొన్నింటి స్వభావాన్నే మార్చివేస్తారు. ఆ ముక్కలకు రంగు, వాసన, జిగురు చేర్చి మళ్ళీ ఒక వస్తువుగా కూరుస్తారు. కనుక ఈ వ్యాసంలో వీటిని ‘కార్ఖానా కూర్పులు’ అని పిలుస్తాను. కార్ఖానా అన్న మాట హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ తెలిసినదే. కూర్పు అన్న మాట అక్కడ జరిగే పనిని ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఆహారాన్ని ఈ దృష్టితో విభజించి చూపినవారు బ్రెజిల్ దేశంలోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటెయిరో. 2009 నుంచి ఆయన, ఆయన సహచరులు రూపొందించిన ఈ విభజనకు ‘నోవా’ అని పేరు. అందులో నాలుగు తరగతులు ఉన్నాయి. బియ్యం, జొన్నలు, పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు, మాంసం మొదటి తరగతి. వీటిని దంచినా, మర పట్టించినా, ఎండబెట్టినా, కాచినా ఆ తరగతి మారదు. వంటకు తోడుపడే నూనె, నెయ్యి, ఉప్పు, చక్కెర, బెల్లం రెండవది. మొదటి రెండు కలిపి నిలవకు చేసుకునేవి మూడవది. మామిడికాయ ఊరగాయ, ఉప్పు చేప, పనీరు, బట్టీలో పిండీ ఉప్పూ ఈస్టూ తప్ప మరొకటి లేకుండా కాల్చిన రొట్టె ఇందులోకి వస్తాయి. నాలుగవదే మన చర్చకు విషయం. సీసాల్లోని తీపి పానీయాలు, రెండు నిమిషాల నూడుల్స్, పొట్లాల చిప్సు, క్రీము బిస్కట్లు, పిల్లల పాలలో కలిపే తీపి పొడులు, గడ్డకట్టిన నగెట్లు, సాసేజీలు, పండు బొమ్మ అచ్చు వేసిన రసాలు ఈ తరగతివి.

యంత్రంలో తయారైనదల్లా చెడ్డదని ఈ విభజన చెప్పడం లేదన్నది ముఖ్యంగా గమనించాలి. పిండిమర యంత్రమే. పాలను వేడిచేసి పొట్లాల్లో నింపేదీ యంత్రమే. మన దాపులోని నాచారంలో ప్రభుత్వ సంస్థ తెలంగాణ ఫుడ్స్ అంగన్‌వాడీ పిల్లల కోసం తయారుచేసే బాలామృతం కూడా కార్ఖానా నుంచి వచ్చినదే. కానీ అందులో ప్రధానంగా ఉండేవి వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. చదువు రాని దాదీమాకు ఆ పేర్లు చదివి వినిపిస్తే అన్నీ ఆమెకు తెలిసినవే. అదే ఒక చిప్సు పొట్లం వెనుక ఉన్నదంతా చదివి వినిపించండి. మాల్టోడెక్స్‌ట్రిన్, హైడ్రోజనీకృత కొవ్వు, ఎమల్సిఫయరు, రుచి పెంచేది 627, 631... వీటిలో ఒక్కటైనా ఏ ఇంటి వంటగదిలోనూ డబ్బాలో పోసి పెట్టుకునేది కాదు. పట్టీలో వంటింటికి చెందని పేర్లు వరుసగా కనబడితే అది నాలుగవ తరగతి వస్తువని తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు.

ఇక ఈ విషయం మన ముంగిట ఏ రూపంలో ఉందో చూద్దాం. కీసర నేడు పల్లె కాదు, ఇంకా పూర్తిగా పట్నమూ కాలేదు. ఒకప్పుడు కీసర, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతాలు ద్రాక్ష తోటలకు పేరుపడ్డవి. హైదరాబాదు ద్రాక్షలో ప్రసిద్ధమైన రకానికి ‘అనాబె షాహీ’ అన్న పేరే ఉంది. అరబ్బీలో ‘ఇనబ్’ అంటే ద్రాక్ష. తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి కీసర మీదుగా పోయాక భూమి ధర పంట విలువను దాటిపోయింది. ఇప్పుడు వలయ రహదారి కూడలి దగ్గరి దుకాణాల్లో పండ్ల బొమ్మలు వేసిన సీసాలు ఏడాది పొడుగునా దొరుకుతాయి, పండ్లు మాత్రం కాలాన్ని బట్టి వస్తాయి. ఊరిలోని కిరాణా కొట్ల ముందు ఐదు రూపాయల పొట్లాలు దండలు కట్టి వేలాడుతుంటాయి. అవి సరిగ్గా పిల్లవాని చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి.

ఆ పొట్లం చవక అని అందరమూ అనుకుంటాం. కానీ లెక్క వేసి చూడాలి. పది రూపాయల పొట్లంలో పాతిక గ్రాముల సరుకు ఉంటే కిలో నాలుగు వందల రూపాయలు పడ్డట్టు. పల్లీలు గానీ శనగలు గానీ ఆ ధరకు ఎన్నడూ అమ్మలేదు. పేదవాడు కొనే తిండిలోకెల్లా ఖరీదైనది ఈ ‘చవక’ పొట్లమే.

మన సమాజంలో ఒక మంచి అలవాటు ఉంది. ముప్పై నలభై ఏళ్ళుగా మనలో చాలామంది పొట్లం వెనక్కి తిప్పి చదువుతున్నారు. జెలటిన్ ఏ జంతువుది? 471 సంఖ్య గల కొవ్వు పదార్థం మొక్కల నుంచి వచ్చిందా, జంతువుల నుంచి వచ్చిందా? 120 అనే ఎర్ర రంగు పురుగుల నుంచి తీసినదేనా? ఇలా ఆరా తీసే అలవాటు దేశంలో మరెందరికో లేదు. అయితే చిక్కేమిటంటే, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకగానే మన చదువు ఆగిపోతుంది. హలాల్ ముద్రో, ఆకుపచ్చ చుక్కో కనబడితే చాలు, వస్తువు సంచిలో పడుతుంది. ఒక దుకాణదారుడు నాతో, “దీంట్లో హరాం ఏదీ లేదు సాబ్, పచ్చ చుక్క ఉంది, బేఫికర్‌గా తీసుకోండి” అన్నాడు. అతడు అన్నమాట నిజమే. ఆ చుక్క అంతవరకే చెబుతుంది. చక్కెర ఎంతో, ఉప్పు ఎంతో, ఆ పదార్థం పిల్లవాని కడుపుకు మంచిదో కాదో అది చెప్పదు, చెప్పడానికి పెట్టినదీ కాదు.

దివ్య ఖుర్ఆన్‌లో ఆహార ప్రసక్తి వచ్చిన చోట, ఉదాహరణకు బఖరా సూరాలో, ‘హలాల్’ అనే మాటకు తోడుగా ‘తయ్యిబ్’ అనే మరొక మాట ఉంది. తెలుగు అనువాదాల్లో దీనిని పరిశుద్ధమైనది, మంచిది, ఉత్తమమైనది అని పలు విధాలుగా రాశారు. ఏ ఒక్క మాటా దానికి పూర్తిగా సరిపోదు. దీని ధాతువులోనే సువాసనకు వాడే ‘తీబ్’ అనే మాట కూడా ఉంది. మనసుకు హాయి గొలిపేది, ఒంటికి మేలు చేసేది, హాని లేనిది అన్న భావాలన్నీ ఈ మాటలో కలిసి ఉన్నాయి. ఏది అనుమతించబడింది అన్న ప్రశ్నతోనే పని తీరిపోతే ఈ రెండవ మాట అవసరం ఉండేది కాదు. కార్ఖానా కూర్పులు హరాం అని నేను అనడం లేదు. అలా అనే అధికారం నాకు లేదు, అవసరమూ లేదు. ఫత్వా అడగవలసిన చోట ఫత్వా, బుద్ధి వాడవలసిన చోట బుద్ధి. ఇది రెండవ కోవకు చెందిన విషయం.

కహఫ్ సూరాలోని గుహవాసుల వృత్తాంతం మనందరికీ తెలిసినదే. తరాల తరబడి నిద్రించి లేచిన ఆ యువకులు తమలో ఒకనికి వెండి నాణెమిచ్చి పట్నానికి పంపుతారు. అంత ఆకలిలోనూ, పట్టుబడితే ప్రాణాలు పోయే స్థితిలోనూ, ఏది దొరికితే అది తెమ్మని అనలేదు. అక్కడ ఎవరి వద్ద తిండి మేలైనదో చూసి మరీ తెమ్మన్నారు. ఈ చిన్న వివరం మీద వ్యాఖ్యాతలు చాలా రాశారు. అంగడికి పోయేవానికి చూసి తెచ్చే బాధ్యత కూడా ఉందన్నది మన ప్రస్తుతానికి సరిపోయే భాగం.

మరి అమ్మేవాని బాధ్యత మాటేమిటి? దైవప్రవక్త (స) మదీనా అంగడిలో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ఉంది. వాన కురిసి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అయితే ఆ తడిసినది పైన, జనానికి కనబడేటట్టు ఎందుకు పెట్టలేదన్నది ప్రవక్త (స) అడిగిన ప్రశ్న. ఈ ప్రశ్న మీదనే తరువాతి కాలంలో ‘హిస్బా’ అనే అంగడి తనిఖీ వ్యవస్థ పెరిగింది. 12వ శతాబ్దంలో, సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలో షైజరీ రాసిన తనిఖీ అధికారుల చేతిపుస్తకంలో రొట్టెలు కాల్చేవారికి ఒక అధ్యాయం, హరీసా వండేవారికి మరొక అధ్యాయం ఉన్నాయి. మన హలీం పెద్ద తాతకు ఆ రోజుల్లోనే ప్రత్యేక నిఘా ఉందన్నమాట!

లోపలిది పైన కనబడాలన్న ఈ సూత్రానికి మన హైదరాబాదులోనే ఇటీవల గట్టి పరీక్ష జరిగింది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయిన పిల్లలకు తాగించే ఓఆర్‌ఎస్ ద్రావణం అందరికీ తెలిసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, దానితో పాటు కొలత ప్రకారం లవణాలు ఉండాలి. ఆ కొలతలోనే దాని ప్రాణమంతా ఉంది. గ్లూకోజు తగుమాత్రంగా ఉంటేనే పేగు లవణాన్నీ నీటినీ లోనికి పీల్చుకుంటుంది. చక్కెర మితిమీరితే పేగులోకే నీరు లాగబడి విరేచనాలు హెచ్చుతాయి. అలాంటిది, లీటరుకు వంద గ్రాములకు పైబడి చక్కెర గల పండ్ల రుచి పానీయాలు పేరులో ‘ఓఆర్‌ఎస్’ అక్షరాలు తగిలించుకుని మందుల దుకాణాల్లో అమ్ముడుపోయాయి. తల్లి మందు అనుకుని కొని తెచ్చేది. బిడ్డ తాగేది శీతల పానీయం వంటిదే.

హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద సుమారు ఎనిమిదేళ్ళు పోరాడారు. అధికారులకు రాశారు, జనానికి చెప్పారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ పేరు వాడుకోవడానికి, ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదన్న హెచ్చరిక ఒకటి జోడిస్తే చాలునంటూ మధ్యలో అనుమతి కూడా ఇవ్వబడింది. చివరకు 2025 అక్టోబరు 14న భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ ఆ అనుమతులన్నీ ఉపసంహరించి, సూత్రానికి సరిపోని పానీయాల పేరులో ఆ అక్షరాలు ఏ విధంగానూ ఉండరాదని ఉత్తర్వు చేసింది. ఆమె అడిగినది పెద్ద కోరికేమీ కాదు. తడిసిన ధాన్యం పైన కనబడాలన్నదే.

పిల్లల పాలలో కలిపే పొడుల కథ కూడా ఇటువంటిదే. ‘ఆరోగ్య పానీయం’ అన్న పేరుకు మన 2006 నాటి ఆహార చట్టంలో నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైను అంగళ్ళకు సలహా పత్రం పంపి, ఇటువంటి పొడులను ఆ పేరుగల వర్గం నుంచి తీసివేయమంది. ఇన్నేళ్ళూ ఆ పేరు చూసే కదా తల్లులు కడుపు కట్టుకుని ఆ డబ్బాలు కొన్నది!

ఇదంతా కొత్త తరం పోకడ అని పెద్దవారు అనుకుంటే అది కూడా సరి కాదు. మన ఇళ్ళలో అడుగుపెట్టిన తొలి కార్ఖానా కూర్పుల్లో వనస్పతి ఒకటి. 1937లో డాల్డా పేరుతో అది మార్కెట్‌లోకి వచ్చింది. ద్రవంగా ఉన్న నూనెలోకి హైడ్రోజను వాయువును ఎక్కించి, నెయ్యిలా గడ్డకట్టేటట్టు చేసినది అది. నేతికి పెట్టలేని కుటుంబాలు పండుగ బిర్యానీకి, పరాఠాలకు, సేవయ్యాలకు దానినే వాడాయి. పసుపు డబ్బా మీది కొబ్బరిచెట్టు బొమ్మ గుర్తున్న పాఠకులు చాలామంది ఉంటారు. అలా గడ్డకట్టించే క్రమంలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండె రక్తనాళాలకు చేటు అని శాస్త్రం తేల్చాక కూడా చట్టం మెల్లగానే కదిలింది. 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితి తెచ్చారు. అంటే 85 ఏళ్ళు పట్టింది. ఈ 85 ఏళ్ళూ ఆ డబ్బా మీద హరాం అనదగినది ఏదీ లేదు. చట్టం వచ్చేదాకా ఆగుదామనుకునేవారు ఈ లెక్కను ఒకసారి తలచుకోవాలి.

కార్ఖానా కూర్పుల వల్ల హాని అన్నది కేవలం చక్కెర, ఉప్పు, కొవ్వుల హెచ్చుతగ్గులేనా, లేక మరేదైనా ఉందా అన్నది శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. దీనికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం, 2019లో ప్రచురితమైనది, చాలా విలువైనది. ఇరవై మంది పెద్దవారిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. రెండు వారాలు కార్ఖానా కూర్పులు, రెండు వారాలు వండిన మామూలు తిండి పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేటట్టు చూశారు. ఎంత తినాలన్నది వారి ఇష్టం. కూర్పులు పెట్టిన రెండు వారాల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు 900 గ్రాముల బరువు పెరిగారు. మామూలు తిండి తిన్న రెండు వారాల్లో దాదాపు అంతే తగ్గారు. కూర్పులను వేగంగా తిన్నారన్నది కూడా గమనించారు. మెత్తగా, నమిలే పని లేకుండా ఉండే తిండి, కడుపు నిండిందన్న కబురు అందేలోగానే లోపలికి పోతుంది. ఇరవై మంది అంటే చిన్న సంఖ్యే. కానీ ఇంత కట్టుదిట్టంగా చేసిన ప్రయోగాలు ఆహార శాస్త్రంలో అరుదు. 2025 నవంబరులో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఈ అంశం మీద మూడు వ్యాసాల సంపుటిని వెలువరించింది. మొంటెయిరో కూడా అందులో ఒక రచయిత.

నోవా విభజనను విమర్శించేవారు లేకపోలేదు. సోడా సీసాను, గోధుమ బ్రెడ్డును ఒకే గాటన కట్టడం ఎంతవరకు సబబని వారి ప్రశ్న. ఇందులో న్యాయం ఉంది. అన్నింటి హానీ ఒకే మోతాదులో లేదు. తీపి పానీయాలు, నిలవ మాంసపు సరుకులు ముందు వరుసలో ఉన్నాయి. ఇంట్లో చేసినంత మాత్రాన ప్రతిదీ అమృతం కాదన్నది కూడా నిజమే. మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి వేసిన మిర్చి బజ్జీ ఏ కార్ఖానాలోనూ తయారు కాలేదు. డబల్ కా మీఠా సంగతి నేను ఎత్తదలచుకోలేదు.

మన దేశం స్థితి చూస్తే ఇది తీరికగా చేసుకునే చర్చ కాదని తెలుస్తుంది. భారత వైద్య పరిశోధనా మండలి జరిపించి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారు. పెద్దవారిలో ఇది 11.4 శాతం. మన బంధువర్గంలో ఇన్సులిను సూది తెలియని ఇల్లు ఏదో వెతకవలసి వస్తున్నది. కీసర నుంచి గంటలోపు చేరగల తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. మొత్తం 17 సూత్రాల్లో ఒకటి ఈ కూర్పులను బాగా తగ్గించమని చెబుతుంది. చేర్చిన చక్కెర రోజుకు 25 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు మించవద్దన్నది. మామూలు కోలా పానీయంలో 100 మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే ఆ రోజు వాటా దాటిపోయిందన్నమాటే.

ఈ తార్నాక సంస్థకు మన ఊళ్ళలో తెలియని ఒక ఘనత ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనా కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థ, బక్కచిక్కిన పిల్లల కోసం ‘హైదరాబాద్ మిక్స్’ అనే పిండిని రూపొందించింది. దాని కొలతలు ఇవి: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొదటి మూడూ విడివిడిగా దోరగా వేయించి, పొడి చేసి, బెల్లం కలపాలి. ఈ 86 గ్రాముల్లో 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఇందులో అర్థం కాని మాట ఒక్కటి లేదు. ఒక కిలో గోధుమలకు 400 గ్రాముల శనగపప్పు, 250 గ్రాముల పల్లీలు, అర కిలో బెల్లం అని గుర్తుంచుకుంటే ఇంటికి సరిపోతుంది. పల్లీలు పడని పిల్లలకు మాత్రం వాటిని మానాలి. ఇంటి బిడ్డ బక్కచిక్కి లేకుంటే బెల్లం సగానికి తగ్గించవచ్చు. గోరువెచ్చని పాలలో కలిపితే జావ, ముద్ద చేస్తే లడ్డు. డబ్బా పొడుల ప్రకటనలకు కోట్లు వెచ్చించబడుతుంటే, మన గుమ్మం ముందు పుట్టిన ఈ పిండికి ఒక గోడ రాత కూడా లేదు.

ఇక ఇంట్లో ఆచరణ మాట. ఈ విషయం మీద ఉపన్యాసాలు సాధారణంగా తల్లుల మీద నింద మోపి ముగుస్తాయి. ఇది అన్యాయం. చర్లపల్లి వైపు కార్ఖానాలకు, శామీర్‌పేట వైపు కంపెనీలకు తెల్లవారకముందే బయలుదేరే ఇళ్ళలో, ఇద్దరూ సంపాదిస్తే తప్ప అద్దె గడవని ఇళ్ళలో, రెండు నిమిషాల్లో ఉడికే వస్తువు ఆశ పెట్టడం సహజం. ఆమెకు కావలసింది బోధ కాదు, మరొక జత చేతులు. పప్పు నానబెట్టడం, ఉల్లిపాయలు తరగడం, శనగలు వేయించడం మగవారికి, ఎదిగిన కొడుకులకు రాని విద్యలేమీ కావు. దైవప్రవక్త (స) తమ ఇంటి పనుల్లో పాలు పంచుకునేవారన్న సంగతి ఉపన్యాసాల్లో చెప్పడమే గాని వంటింట్లో చూపినవారు తక్కువ.

అన్నీ ఒకేసారి మానడం అయ్యే పని కాదు. బలవంతం చేస్తే పిల్లలు స్నేహితుల ఇళ్ళలో తింటారు. హాని హెచ్చుగా ఉన్నచోట మొదలుపెట్టడం తెలివి. కనుక ముందుగా ఇంట్లోకి తీపి పానీయాల సీసా రాకుండా చూడాలి. దీనికి వంట శ్రమ ఏమీ లేదు. కుండనీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ, నిమ్మరసం చాలు. తరువాత పాలపొడి డబ్బా. అది అయిపోయాక కొత్తది కొనకుండా పైన చెప్పిన పిండి పెట్టి చూడండి. మూడవది సాయంత్రం బడి నుంచి రాగానే పడే ఆకలి. అసలు కష్టం ఇక్కడే. ఆ సమయానికి ఏదో ఒకటి సిద్ధంగా లేకపోతే పిల్లవాడు చేతిలో నాణెంతో దుకాణం దారి పడతాడు. ఉదయం నానబెట్టిన శనగలు సాయంత్రానికి గుగ్గిళ్ళవుతాయి. మరమరాలు, అటుకులు, పేలాలు, పల్లీపట్టి, ఉడికించిన గుడ్డు, వానాకాలంలో మొక్కజొన్న పొత్తు, సంక్రాంతి రోజుల్లో పక్కింటి వారు పంచిన సకినాలు... ఇవేవీ అరుదైనవి కావు. రాత్రి మిగిలిన జొన్నరొట్టెను చిదిమి ఉల్లిపాయతో పోపు పెట్టినా పిల్లలు ఇష్టంగానే తింటారు. బిస్కటు, బ్రెడ్డు వంటివి చివరకు చూసుకోవచ్చు. వాటి దగ్గర యుద్ధం మొదలుపెట్టినవారు సాధారణంగా వారం రోజుల్లో అలసిపోతారు.

ఉదయపు తిండి విషయంలో మనకు దిగులు లేదు. హైదరాబాదీ ఇళ్ళ ఖిచిడీ, ఖట్టా కంటే త్వరగా అయ్యే సంపూర్ణాహారం ఏముంది? బియ్యం, మసూరు పప్పు కలిపి కుక్కరులో పెడితే అరగంట. దాని పక్కన చిప్సు పెట్టే కొత్త అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, అప్పడం దానికి ఏమి ద్రోహం చేసింది!

రమజాన్‌లో మాత్రం జాగ్రత్త రెట్టింపు కావాలి. పగలంతా ఉపవాసమున్న కడుపులోకి మొదట పోయేది పొడితో కలిపిన నారింజ రంగు నీళ్ళయితే, ఒక్కసారిగా చక్కెర రక్తంలోకి చేరుతుంది. మధుమేహం ఉన్న పెద్దలకు ఇది ప్రమాదం. ఖర్జూరం, నీళ్ళు, గుగ్గిళ్ళు, కోసిన పండ్లు ఉన్న ఇఫ్తార్‌కు లోటేమీ లేదు. మనకు ప్రీతిపాత్రమైన ఎర్ర షర్బత్ కూడా పట్టీ చదివితే మొదట చక్కెరే కనబడుతుంది. పట్టీలో పదార్థాలను తూకంలో హెచ్చు నుంచి తగ్గుకు రాయాలన్నది చట్టం. మొదటిది చక్కెర అయితే ఆ సీసాలో అన్నిటికన్నా ఎక్కువ అదే ఉందన్నమాట. మనవారి సరుకు అని దానికి మినహాయింపు ఇవ్వలేం. ఒక చెంచాకు బదులు అర చెంచా వేసి, సబ్జా గింజలు, నిమ్మ జోడిస్తే అలవాటు తప్పకుండా మోతాదు తగ్గుతుంది. హలీం మాటకు వస్తే, బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బుల హరీస్ నుంచి పెరిగి 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వంటకం గోధుమ, మాంసం, పప్పు, నేతుల కలయిక. బరువైనదే, కానీ వంటింటి తిండి. దానిని చూసి భయపడనక్కరలేదు, గిన్నె చిన్నదైతే చాలు.

అతిథి మర్యాద దగ్గర చాలా ఇళ్ళ నియమాలు కూలిపోతాయి. ఇంటికి వచ్చినవారికి సీసా పానీయం పోయకపోతే పరువు తక్కువ అన్న భావన పాతికేళ్ళుగా పాతుకుపోయింది. కీసర, శామీర్‌పేట దారుల్లోని ఫంక్షన్ హాళ్ళలో వలీమా విందులకు ప్రతి కుర్చీ ముందూ ఒక సీసా పెట్టడం ఆనవాయితీ అయింది. సగం సీసాలు సగం తాగి వదిలేస్తారు. ఈ విషయంలో ఒక్కో ఇల్లు విడిగా చేయగలిగింది తక్కువ. మస్జిదు కమిటీలు, పెళ్ళి పెద్దలు కలిసి మజ్జిగో, నిమ్మ షర్బతో పెట్టాలని ఒక మాట అనుకుంటే ఎవరి పరువూ పోదు, ఖర్చు కూడా తగ్గుతుంది.

చివరిగా గల్ఫు పెట్టెల సంగతి. జిద్దా నుంచో దుబాయి నుంచో మామూ వచ్చాడంటే పెట్టెలో పానీయపు పొడి డబ్బాలు, చాక్లెట్లు, క్రీము బిస్కట్లు తప్పవు. రెండేళ్ళు బిడ్డలకు దూరంగా ఉన్న మనిషి ప్రేమ అది, దానిని తూలనాడరాదు. కానీ ప్రయాణానికి ముందు ఫోనులో, “భాయ్, పిల్లలకు ఖర్జూరాలు, బాదములు తీసుకురండి, డబ్బాలు వద్దు” అని చెల్లెలు చెబితే అతడు సంతోషంగానే తెస్తాడు. బరువు ఎటూ అంతే, విమానంలో అనుమతించే కిలోలూ అంతే.